రేవులో చివరి ఐదు మెట్లు

తొకిజిమా రేవులో మెట్లు మొత్తం ఇరవై మూడు. పై పద్దెనిమిది అందరివీ. వాటి మీద చేపలు ఎండబెట్టుకుంటారు, సిగరెట్లు కాలుస్తారు, సెలవు రోజుల్లో పిల్లలు కూర్చుని గాలాలు వేస్తారు. కింది ఐదు మెట్ల జోలికి మాత్రం ఎవరూ పోరు.

అవి రోజులో సగంసేపు సముద్రంలోనే ఉంటాయి. నీళ్ళు తీసినప్పుడు, అందులోనూ చలికాలం రాత్రుల్లో ఆటు బాగా లోతుకు దిగినప్పుడు, పాచిపట్టి నల్లగా బయటపడతాయి. అప్పుడు వినిపిస్తుంది...

టక్.

కాసేపు ఏమీ ఉండదు. విన్నది నిజమేనా అని మనిషి చెవి రిక్కించేంతసేపు.

టక్... టక్.

పడవ అంచుకు తెడ్డు తగిలిన చప్పుడు. చొరొ పడవ వచ్చిందంటారు ముసలివాళ్ళు. తెరచాప ఓడలు గాలి కోసం, పోటు కోసం రేవు బయట లంగరు వేసుకు కూర్చున్న కాలం నుంచీ ఉన్న పడవలవి. పొద్దుగూకగానే ఆడవాళ్ళను వరసగా కూర్చోబెట్టుకుని ఓడల పక్కకు పోయేవి. నావికులు పైనుంచి లాంతరు దించి, మొహాలు చూసి ఏరుకునేవాళ్ళు. తెల్లారాక అదే పడవ వాళ్ళను తెచ్చి ఈ మెట్ల దగ్గర దింపేది. చట్టం వచ్చి ఆ ఆడవాళ్ళను ఉంచిన ఇళ్ళు మూతపడి ముప్పై ఆరేళ్ళయింది. పడవలు పోయాయి. చప్పుడు పోలేదు.

కళ్ళారా చూసినవాడు కూడా ఉన్నాడు. కత్సుజో అనే జాలరి ఒక రాత్రి వల సర్దుకుని వస్తుంటే, తెల్లజుట్టు విరబోసుకున్న ఆడమనిషి నడుం దాకా నీళ్ళలో నిలబడి ఉందట. ఒక చెయ్యి మెట్టు కిందికి దూర్చి, గొణుగుతూ పేర్లు పిలుస్తోందట. "ఒమిత్సు... కికునొ... ఒరిన్..." అతను ఇంటికొచ్చి పడి మూడు రోజులు జ్వరంతో మూలిగాడు.

"అది పిలిచింది ఆడవాళ్ళ పేర్లు కదా, నీకెందుకయ్యా జ్వరం?" అని అడిగింది పెళ్ళాం.

ఈ దెయ్యానికి ఊళ్ళో ఒక బోర్డు కూడా ఉంది. పాత ఊరి పరిరక్షణ సంఘం వాళ్ళు పెట్టించారు. ప్రియుడి ఓడ కోసం ఎదురుచూసి, చూసి, అది రాక ఈ మెట్ల దగ్గరే సముద్రంలో దూకిన సుందరి అని అందులో రాసి ఉంది. ఎదురుచూసిందట! రాత్రికి నాలుగు ఓడలెక్కి దిగిన మనిషి ఎవరి కోసమైనా ఎదురుచూసి ఉంటే, అది తెల్లారడం కోసమే అయి ఉంటుంది. కానీ ఆ మాట రాస్తే బోర్డు ముందు నిలబడి ఫొటో ఎవరు దిగుతారు?

ఆ బోర్డు కథను రోజూ సాయంత్రం లాంతరు పట్టుకుని యాత్రికులకు చెప్పే ఉద్యోగం తమయోది. నలభై రెండేళ్ళ మనిషి. మొగుడు సరుకు ఓడ మీద పనిచేస్తాడు, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. ఇంట్లో ఉండేది తనూ, అత్త మత్సునోనూ. ఆరేళ్ళుగా చెప్పీ చెప్పీ ఆ ప్రేమకథ తమయో నాలుక మీద అరిగిపోయింది. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగితే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారో ఆమెకు తెలుసు. అయినా ఒక్కసారి కూడా పద్దెనిమిదో మెట్టు దాటి కిందికి దిగలేదు.

ఆ డిసెంబరులో సంఘానికి పెద్ద చిక్కొచ్చి పడింది. శరత్తులో వచ్చిన తుఫానుకు కింది మెట్ల అడుగున ఇసుక కొట్టుకుపోయింది. చప్పుడు రెట్టింపయింది. శుక్రవారం పైనుంచి పెద్ద అధికారులు వస్తున్నారు. ఊరికి వారసత్వ పట్టణం అని గుర్తింపు ఇవ్వాలా వద్దా అని తేల్చేది వాళ్ళే. మెట్లు ఊగుతుంటే ఎలా? గురువారం ఇసుక బస్తాలతో గట్టు కట్టి, నీళ్ళు తోడేసి, కింది ఐదు మెట్ల అడుగున కాంక్రీటు పోయించేద్దామని తీర్మానించారు.

సంఘానికి పెద్ద కదొవాకి. అరవై ఏళ్ళుంటాయి. ఊళ్ళోకెల్లా పెద్ద తేనీటి ఇల్లు ఆయన తాతదీ, తండ్రిదీ. తేనీటి ఇల్లు అన్నది బయటి మాట. లోపల అమ్మింది తేనీరు కాదు. ఇప్పుడు ఆ ఇల్లే మ్యూజియం.

బుధవారం రాత్రి అన్నం తింటూ తమయో ఈ కబురు చెప్పింది. "రేపటితో దెయ్యానికి కూడా సమాధి, అత్తయ్యా."

మత్సునో చేతిలో గిన్నె దించింది. "రేపా?"

"రేపు మధ్యాహ్నం."

ముసలావిడ ఆ గిన్నె మళ్ళీ ముట్టలేదు.

తెల్లవారుజామున మూడింటికి తమయోకు చలేసి మెలకువ వచ్చింది. వీధి తలుపు జానెడు తెరిచి ఉంది. అత్త పక్క ఖాళీ. పట్టి చూస్తే దుప్పటి చల్లగా ఉంది.

అరవై ఎనిమిదేళ్ళ మనిషి. మోకాళ్ళ నొప్పులు. ఈ చలిలో ఎక్కడికి పోయినట్టు?

తమయో టార్చి పట్టుకుని పరిగెత్తింది. ఇరుకు సందులు, మూసిన చెక్క తలుపులు, ఎవరి పెరట్లోనో నారింజల వాసన. రేవు దగ్గరికి వచ్చేసరికి...

టక్.

నీళ్ళు ఎన్నడూ లేనంత కిందికి దిగిపోయాయి. ఐదు మెట్లూ బయటపడ్డాయి. చివరి మెట్టు దగ్గర...

తెల్లజుట్టు.

నడుం దాకా నీళ్ళు. ఒక చెయ్యి మెట్టు కింద.

తమయో పద్దెనిమిదో మెట్టు మీదే ఆగింది. గొణుగుడు వినిపిస్తోంది... "ఒమిత్సు... కికునొ..."

ఆ గొంతు రోజూ పొద్దున్నే చారులో ఉప్పు తక్కువైందని సణిగే గొంతు.

"అత్తయ్యా?"

"దీపం ఆర్పు."

"మీరా! ఇన్నేళ్ళూ..."

"ఆర్పమన్నానా? ఆ కత్సుజో గాడు మళ్ళీ చూశాడంటే ఈసారి జ్వరంతో పోతాడు. ఆ పాపం నాకెందుకు?"

తమయో టార్చి ఆర్పింది. ఆరేళ్ళుగా దాటని పద్దెనిమిదో మెట్టు ఎలా దాటిందో తనకే తెలియదు. అత్త భుజం పట్టుకుంది. మంచుగడ్డలా ఉంది.

"రండి పైకి. చచ్చిపోతారు."

"పోటు మొదలయ్యేలోపు రాను. ఇవాళ తప్పితే నాకు మళ్ళీ రోజు లేదు." ముసలావిడ పళ్ళు టకటకలాడుతున్నాయి. "ఇవి మెట్లనుకుంటున్నావా? చెయ్యి పెట్టి చూడవే. కొండ మీద సమాధి రాళ్ళు. చొరొ పడవ ఆడవాళ్ళవి."

తమయోకు వెంటనే అర్థం కాలేదు.

"ఇళ్ళు మూతపడిన ఏడాదే పెద్ద తుఫానొచ్చి మెట్లు విరిగిపోయాయి. కొత్త రాయి తెప్పించడం ఎందుకనుకున్నారు మన మగవాళ్ళు. కొండ మీద దిక్కూ మొక్కూ లేని రాళ్ళు ఇరవై నిలబడి ఉన్నాయి. కొలత కూడా సరిపోయింది. మెట్టుకు నాలుగు." మత్సునో నవ్వింది. ఆ నవ్వు వినడానికి బాగా లేదు. "మర్యాదస్తులు కదా... పేర్ల మీద కాలు పడకూడదని బోర్లా పరిచారు. చెక్కిన వైపు కిందికి పెడితే రాయి ఎక్కడ కుదురుతుంది? నీళ్ళు కదిలినప్పుడల్లా ఊగుతుంది. అదే మీ తెడ్డు చప్పుడు."

"మీకెలా తెలుసు?"

"వేళ్ళతో చదివాను. పంతొమ్మిది రాళ్ళు. ఏళ్ళు పట్టింది. వాళ్ళకు ఒక అగరుబత్తి వెలిగించేవాళ్ళు లేరు. వచ్చినప్పుడల్లా పేరు పెట్టి పిలిచి పోతాను. అంతకంటే నేనేం పెట్టగలను?"

"ఎందుకత్తయ్యా? వాళ్ళు మీకేమవుతారు?"

మత్సునో చెయ్యి సందులోంచి బయటికి తీసింది.

"ఇరవయ్యో రాయి మా అమ్మది."

టక్, అంది రాయి.

"నన్ను పెంచినావిడ పోతూ పోతూ చెప్పింది. నన్ను కదొవాకి వాళ్ళ ఇంటి నుంచి పురిటిగుడ్డుగా తెచ్చుకుందట. మా అమ్మ అక్కడ హత్సునె అన్న పేరుతో ఉండేది. వయసు మళ్ళాక ఓడలెక్కనివ్వక తెడ్డు ఇచ్చి పడవ తోలమన్నారు. నేను కొత్త కోడలిగా ఈ రేవుకు చేపలకు వచ్చేదాన్ని. అది మెట్ల మీద కూర్చుని ఉంటే ముక్కు మూసుకుని అవతలి వైపు నుంచి పోయేదాన్ని. ఒకసారి నా బుట్ట జారితే పరిగెత్తుకొచ్చి చేపలన్నీ ఏరి ఇచ్చింది. ముట్టుకుందని అవన్నీ సముద్రంలో పారబోశాను. అది చూస్తుండగానే... దానికి తెలుసో లేదో నేనెవరో."

తమయో అత్త చేతులు రెండూ పట్టుకుని రుద్దింది.

"నిజం తెలిసి పువ్వులు పట్టుకుని కొండెక్కితే రాళ్ళు లేవు. గుంటలున్నాయి, ఈ కొత్త మెట్ల రాళ్ళ కొలతలోనే. ఎవరినని అడగను? చొరొ పడవ దాని కూతురని తెలిస్తే మీ మామగారు ఆ పూటే గెంటేసేవాడు. ఆ మహానుభావుడు తను పెళ్ళికి ముందు ఎన్ని పడవలు పిలిచాడో నాకే చెప్పి నవ్వేవాడులే." ఆవిడ ఊపిరి తీసుకుంది. "ఈ కుడి చివరి రాయి కింద ఇన్నాళ్ళూ ఇసుక బిగుసుకుని ఉండేది. వేలు దూరేది కాదు. ఇప్పుడు సందయింది. తీరా చూస్తే నా వేళ్ళకు స్పర్శ పోయింది. గంట నుంచి తడుముతున్నాను. రాయేదో, పేరేదో తెలియడం లేదు. ఎక్కడుందో తెలిస్తే చాలు నాకు. పిలవకుండా మిగిలిపోయింది అదొక్కతే."

నీళ్ళు మెల్లగా పైకి పాకుతున్నాయి.

"జరగండి," అంది తమయో.

పాచి మీద బోర్లా పడుకుని కుడిచెయ్యి భుజం దాకా సందులోకి దూర్చింది. వెనకనుంచి మత్సునో రెండు చేతులతో ఆమె నడుం వాటేసి పట్టుకుంది. ముందు నత్తగుల్లలు తగిలి చెయ్యి గీరుకుపోయింది. తరవాత నున్నటి రాయి. చల్లదనానికి వేళ్ళు ఒక్కొక్కటే మొద్దుబారుతున్నాయి... ఏమీ లేదు... ఏమీ లేదు...

గీత.

దొరికింది. చిన్న గీత. దాని కింద చంద్రవంకలా ఒక ఒంపు. వేలు తప్పిపోతుందేమోనని భయపడింది గానీ తప్పలేదు. నీటి విసురేమో, చెయ్యి మీద ఏదో మెత్తగా ఒత్తుతోంది. చిన్నప్పుడు బడిలో పంతులమ్మ చెయ్యి మీద చెయ్యి వేసి కుంచె తిప్పించేది, అలా. రెండో అక్షరం... ఏటవాలు గీత, దాన్ని చుట్టుకుంటూ పెద్ద చుట్టు. అంతే. అయిపోయింది.

"రెండే అక్షరాలు, అత్తయ్యా. తొ... మె. తొమె."

నడుం మీద పట్టు సడలింది.

"సరిగా చూడు. హత్సునె అని ఉండాలి."

"సరిగానే చూశాను. తొమె."

ఆడపిల్ల మీద ఆడపిల్ల పుట్టి, ఇక చాలు, ఆపు అని దేవుడికి చెప్పుకోడానికి ఇంట్లోవాళ్ళు పెట్టే పేరది. మత్సునో తడి జుట్టు ముడి వేసుకుంది.

"అయితే మా అమ్మ ఇక్కడ లేదు," అంది. "ఎవరో పాపం... తొమె అట." వంగి ఆ పేరు కూడా ఒకసారి పిలిచింది. తరవాత కోడలి భుజం ఊతగా మెట్లెక్కింది.

తెల్లారేసరికి ఆవిడ ఒళ్ళు కాలిపోతోంది. గంజి తాగించబోతే గిన్నె తోసేసి, "ఆపించు," అంది. "మా అమ్మ లేకపోతే పోయింది. మిగతావాళ్ళను పూడ్చనివ్వకు. మూడో మెట్టు ఎడమ చివర రాయి ఎత్తించు. ఒమిత్సుది. పదహారేళ్ళు. బాగా లోతుగా చెక్కి ఉంది."

మధ్యాహ్నం తమయో వెళ్ళేసరికి గట్టు కట్టేశారు. మోటారు నీళ్ళు తోడుతోంది. కాంక్రీటు లారీ నిలబడి ఉంది, దాని డ్రమ్ము గిరగిరా తిరుగుతోంది. సంఘం మగవాళ్ళు నీలం కోట్లు వేసుకుని పెళ్ళి పెద్దల్లా వరసగా నిలబడ్డారు.

తమయో అందరి ముందూ చెప్పింది. ఇవి సమాధి రాళ్ళు. ఎత్తి చూడండి.

"సాయంత్రం ఆట నీదే కదమ్మా, పగటాట కూడా నీకేనా?" అన్నాడు కదొవాకి. అందరూ నవ్వారు.

"ఎవరు చెప్పారమ్మా నీకు? దెయ్యమా?" అన్నాడు ఇంకొకాయన.

"వేలు పెట్టి చదివాను. పేరుంది."

"ఏం పేరు?"

"ఎత్తాక మీరే చదవండి. ఎత్తకపోతే రేపు అధికారులకు ఊరు చూపించేది నేను. వాళ్ళకు ఏ కథ చెప్పాలో నాకు తెలుసు."

నవ్వులు ఆగాయి. కదొవాకి ఆమెను కాసేపు చూశాడు. మెట్లను చూశాడు.

"సరే. ఒక్క రాయి. అందరి ముందూ ఎత్తిస్తాను. పేరుంటే పని ఆపేస్తాం. లేకపోతే నువ్వు రేపు బోర్డులో ఉన్నది ఉన్నట్టు చదువుతావు. ఒక్కటంటే ఒక్కటే. ఏదో చెప్పు."

మూడో మెట్టు ఎడమ చివర... అత్త మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆ పేరు అత్త ఎప్పుడు చదివింది? ఎన్నేళ్ళ కిందట? ఉప్పునీళ్ళు తినేసి ఉంటే? జ్వరంలో మెట్టు తప్పు చెప్పి ఉంటే? తన వేలితో, తను, ఈ తెల్లవారుజామునే చదివిన రాయి ఒకటుంది. ఒంపు ఒంపూ ఇంకా వేలికి గుర్తుంది.

"చివరి మెట్టు. కుడి చివర రాయి," అంది.

కదొవాకి కనుబొమ్మ ఒకటి కదిలింది. అంతే.

గొలుసులు బిగించారు. రాయి ఊడి, బురద కారుస్తూ పైకి లేచింది. గాల్లో మెల్లగా తిరిగింది. పనివాడు బకెట్టు నీళ్ళు కొట్టి తుడిచాడు.

నున్నగా ఉంది.

ఈ చివర నుంచి ఆ చివరకు. ఒక్క గీత లేదు. ఎప్పుడూ ఉలి తగిలిన రాయి కాదది.

నీలం కోట్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరసంతా పాకింది. "ఓడల మీద మొగుడు, ఒంటరి రాత్రులు... వేళ్ళకు ఏవేవో తగులుతుంటాయిలే," అన్నాడు ఒకడు. తమయో మూడో మెట్టు వైపు చెయ్యి చూపింది. "ఇంకొక్కటి! అది ఎత్తండి, ఆ ఎడమది..."

"ఒక్కటే అన్నాం."

రాయిని తిరిగి దింపేశారు. లారీ గొట్టం వంచారు. బూడిదరంగు ముద్ద బుడబుడమంటూ మెట్ల కిందికి, సందుల్లోకి, ఒమిత్సు మీదికి, కికునొ మీదికి పాకింది.

మగవాళ్ళంతా అటు చూస్తుంటే కదొవాకి తమయో పక్కకు వచ్చి నిలబడ్డాడు. కోపంగా లేడు. ఆటలో గెలిచినవాడు ఓడినవాడి మీద చూపించే దయ ఏదో ఉంది మొహంలో.

"మిగతా పంతొమ్మిదిలో ఏది ఎత్తమన్నా నా పని అయిపోయేది," అన్నాడు, పక్కవాడికి కూడా వినపడకుండా. "కుర్రతనంలో ఈ భుజం మీదే మోశాను అన్నీ. ఏరి ఏరి చెక్కని రాయి పట్టుకున్నావు. మా ఇంటి పడవ తోలిన ముసల్దానిది. తోటి ఆడవాళ్ళు తలాకాస్తా వేసుకుని రాయైతే తెచ్చి నిలబెట్టారు గానీ, చెక్కించే లోపే ఇల్లు మూతపడి తలోదారీ పోయారు."

తమయో ఆయన వైపు తిరిగింది. "ఆవిడ... హత్సునె?"

"ఓహో, ఆ సంగతి కూడా తెలుసా? హత్సునె మేం పెట్టిన పేరు. అసలు పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు, మా నాన్నకూ నాకూ తప్ప." ఆయన సిగరెట్టు వెలిగించుకున్నాడు. "తొమె."